పులి గీకిన గుర్తుకున్న విలువ మన అడుగుజాడకు లేదా?

నల్లమలలో పెద్దపులి తన హద్దును నేల మీద రాసుకుంటది. ఆ రాతను చదవడం తెలిసినోళ్లు తరతరాలుగా ఆ నేల మీద నడిచిన చెంచులు. ఆ విద్యకు సర్టిఫికెట్ లేదు, అందుకే దాన్ని ఎవరూ చదువు అనరు. కానీ పులుల లెక్క వచ్చిన ప్రతిసారీ, కెమెరా కట్టాల్సిన ప్రతిసారీ మనోళ్లనే ముందు నడవమంటరు. గుర్తు చూపించేదాకా మనోళ్లు కావాలి. ఆ గుర్తు కాగితం మీదికి ఎక్కినంక, అదే కాగితం పట్టుకొని వచ్చి "ఇది పులి జాగా, మీరు లేవండి" అంటరు.

అందుకే ఈ మాట రాస్తున్న. పులి గుర్తులు చదివే విద్యను మనం గ్రామసభ పేరు మీద, మన సొంత పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాలె. మనమూ పులీ ఒకే అడవిలో బతుకుతున్నమని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం మన దగ్గర ఇంకోటి లేదు.

నేల మీద ఏం రాసి ఉంటది?

పులి గుర్తు అనంగనే అందరికీ పాదముద్ర యాదికొస్తది. పాదముద్ర పులి కావాలని వేసేది కాదు. నడిస్తే పడుతది అంతే. "ఇది నా జాగా" అని చెప్పడానికి అది కావాలని పెట్టే గుర్తులు వేరే ఉన్నయి.

మొదటిది గీకుడు. దారి పక్కన ఆగి వెనక కాళ్లతో నేలను గీరుతది. ఆకులు, మట్టి, గడ్డి వెనక్కి జరిగి చిన్న కుప్ప పడుతది. ముందు గీరిన నేల, వెనక కుప్ప. కుప్ప ఏ దిక్కున ఉందో దానికి ఎదురు దిక్కున పులి మొహం ఉన్నట్టు. చాలాసార్లు అక్కడే మూత్రం పోస్తది, ఒక్కోసారి మలం కూడా పెడుతది. చిరుతపులి కూడా ఇట్లనే గీకుతది, కానీ దానిది పొట్టిగా, సన్నగా ఉంటది.

రెండోది చెట్టుకు కొట్టే వాసన. తోక పైకెత్తి వెనక్కి చిమ్ముతది. వంగిన మాను చూసుకొని, వాన నేరుగా తగలని కింది వైపు చిమ్ముతది, తొందరగా కడిగిపోకుండా. కొత్తగా ఉన్నప్పుడు ఆ వాసన బాస్మతి బియ్యం ఉడికినట్టు వస్తది. నవ్వులాటకు చెప్తలేను. బెంగాల్‌కు చెందిన శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి దీని మీద ఏండ్లకేండ్లు పనిచేసి, బాస్మతికి ఆ కమ్మటి వాసన ఇచ్చే పదార్థమే పులి చిమ్మే దాంట్లో కూడా ఉందని చూపించిండు.

మూడోది చెట్టు మీద గోళ్ల గీతలు. నాలుగోది దారి నడిమిట్ల, నలుగురికి కనబడేటట్టు పెట్టే మలం.

ఇవన్నీ ఎక్కడపడితే అక్కడ ఉండవు. నేపాల్‌లోని చిత్వన్ అడవిలో పులులను ఏండ్ల తరబడి గమనించిన పరిశోధకులు 1989లో అచ్చేసిన అధ్యయనంలో చెప్పింది ఏమంటే, రెండు పులుల జాగాలు ఆనుకున్న చోట ఈ గుర్తులు ఎక్కువ పడుతయి. ఆడపులి ఎదకొచ్చే ముందు గుర్తులు పెంచుతది. మన పెద్దమనుషులకు ఇది కొత్త ముచ్చట కాదు. ఒక దారిలో ఉన్నట్టుండి గీకుళ్లు ఎక్కువైతే "కొత్తది దిగింది" అంటరు. ఎప్పుడూ గుర్తు కనబడే మాను మీద నెల రోజులుగా ఏమీ లేదంటే "దానికి ఏదో అయింది" అని ఆలోచనలో పడతరు.

పాదముద్రలో కూడా చదివేది చాలా ఉంది. పులి, చిరుత గోళ్లను లోపలికి ముడుచుకొని నడుస్తయి కాబట్టి ముద్రలో గోరు పడదు. కుక్కకు, రేచుకుక్కకు, దుమ్ములగొండికి పడుతది. మగపులి వెనక పాదం ముద్ర చదరంగా ఉంటది, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటది. రేచుకుక్కల గుంపైతే నాలుగు దారులు కలిసే చోట ఒక్క దగ్గరనే మలం పెడుతది, అదే వాటి బోర్డు. ఎలుగుబంటి పుట్టలు తవ్వుతది, తేనె కోసం చెట్టెక్కితే మాను మీద గోళ్ల గీతలు పడుతయి. ఆ గీత చూసి పులిదని పొరపడేటోళ్లు పట్నం నుంచి వచ్చినోళ్లలో చానామంది.

అన్నిటికన్నా కష్టమైంది, గుర్తు ఎప్పటిదో చెప్పడం. ముద్ర అంచు ఇంకా పదునుగా ఉందా, రాలిందా? చెట్టు మీది నుంచి పడ్డ మంచు చుక్కల గుంటలు ముద్ర మీద ఉంటే, మంచు పడకముందే పులి పోయినట్టు. చుక్కల గుంటల మీద ముద్ర ఉంటే తెల్లవారినంక పోయినట్టు. పురుగు నడిచిన గీత ముద్రను దాటి పోయిందా? గీరిన మట్టి అడుగున తడి ఉందా? ఒక ఆకు రాలి ముద్ర మీద పడిందా, ముద్ర కింద నలిగిందా? తునికాకు కోతకు, తేనెకు, గడ్డలకు పోయేటోళ్ల ప్రాణం ఈ లెక్క మీదనే ఆధారపడి ఉంటది. పొద్దుగాల గుర్తు పచ్చిగా కనబడితే ఆ దారి ఆ రోజుకు పులిది. మనం ఇంకో దారిన పోతం. ఇది భయం కాదు. ఇరుగుపొరుగు మర్యాద.

కెమెరాలు వచ్చినయి కదా, ఇంకెందుకు?

ఈ మాట అడిగే తమ్ముళ్లు ఉన్నరు. కెమెరా మంచిదే. పులి ఒంటి మీది చారలు ఏ రెండింటికీ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి ఫొటో పడితే ఇది ఫలానా పులి అని చెప్పొచ్చు. కానీ కెమెరా ఎక్కడ కట్టాలె? వేల చదరపు కిలోమీటర్ల అడవిలో ఏ మాను దగ్గర కట్టాలన్నది గుర్తు చూసినోడే చెప్పాలె. గీకుడు లేని దారిలో కట్టిన కెమెరాకు కొండముచ్చులు పడుతయి. దేశమంతా నాలుగేండ్లకొకసారి చేసే పులుల లెక్కలో కూడా మొదటి పని బీటు బీటునా నడిచి పాదముద్రలు, గీకుళ్లు, మలం, గోళ్ల గీతలు నమోదు చేయడమే. ఇప్పుడు అది ఫోన్ యాప్‌లో చేస్తున్నరు. నడిచే కాళ్లు, చూసే కండ్లు మాత్రం పాతవే.

గుర్తుల లెక్క ఎట్ల చెడిపోతదో కూడా మనకు తెలిసి ఉండాలె. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి పాదముద్రలతో పులులను లెక్కించే పద్ధతి తెచ్చిండు. 1972లో దేశంలో మొదటి లెక్క ఆ పద్ధతిలోనే జరిగింది, 1,827 పులులని తేల్చిండ్రు. తర్వాత ముప్పై ఏండ్లు అదే పద్ధతి నడిచింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితం మీద పులులు ఉన్నయి, అడవిలో ఒక్కటి కూడా లేదని 2005లో బయటపడ్డది. అప్పుడు వేసిన టైగర్ టాస్క్‌ఫోర్స్, సునీతా నారాయణ్ అధ్యక్షతన, ఒక మాట గట్టిగా చెప్పింది: అడవిలో ఉండే జనాన్ని పక్కన పెట్టి పులిని కాపాడలేరు.

సరిస్కాలో పులి పాదం అబద్ధం ఆడలేదు. ముద్రను అచ్చు తీసుకొని ఆఫీసుకు పోయి, టేబుల్ మీద పులులను పెంచిండ్రు. ఆ ముద్ర చూసిన మనిషిని "ఇది ఎప్పటిది, ఇది నిన్నటి పులేనా" అని అడిగినోళ్లు లేరు. విద్య తప్పు కాదు, దాన్ని దాని మనిషి నుంచి విడదీయడం తప్పు.

చూసింది ఎవరు, పేరు ఎవరిది?

ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకొని ఉంది. 1983 నుంచి నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్‌గా ఉన్న అడవి, 2014లో రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ వైపుది ఆమ్రాబాద్ అయింది. అక్కడ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, ట్రాకర్లుగా చెంచు పిల్లలు పనిచేస్తున్నరు. రాత్రి పగలు నడుస్తరు. ఎండకాలం నీటి తొట్లు నింపుతరు, అగ్గి ఆర్పుతరు, ఉచ్చులు తీస్తరు. వాళ్లది పర్మనెంట్ నౌకరీ కాదు.

వాళ్లు పెట్టిన ఫొటో, రాసిన పాయింట్ పైకి పోతది. రిపోర్టుగా వస్తది, మ్యాపుగా వస్తది. ఆ మ్యాపులో పులి తిరిగే చోటు రంగు వేసి ఉంటది. చూసిన మనిషి పేరు ఉండదు. ఆ మనిషి పుట్టిన పెంట పేరు ఉన్నా, "తరలించాల్సిన గ్రామం" అనే పట్టికలో ఉంటది.

ఇక్కడనే నాకు కోపం వస్తది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే దారిలో రెండు మాటలు చెప్తడు. "ఇదిగో ఈ గీకుడు పులిది" అంటే సాక్ష్యం. "ఇదిగో ఈ బండ మీది తేనెపట్టు మా తాతలది, ఈ చెలిమ మాది, ఆ చెట్టు కింద మా లింగమయ్య ఉన్నడు" అంటే సాక్ష్యం కాదు, కాగితం తెమ్మంటరు. నేల మీద గీత గీసి హద్దు చెప్పుకునే హక్కు పులికి ఉంది. మంచిదే, ఉండాలె. అదే నేల మీద నడిచి నడిచి దారి చేసిన మనిషికి ఎందుకు లేదు?

చెంచుల గుంపులకు ఎవరి అడవి ఎంతవరకో లెక్క ఉందని ఇవాళ మనం కొత్తగా కల్పించిన ముచ్చట కాదు. నిజాం కాలంలో ఆమ్రాబాద్ గుట్టల్లో తిరిగిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో వచ్చిన "ది చెంచూస్" పుస్తకంలోనే దాని గురించి రాసిండు.

చట్టం ఏం చెప్తుంది?

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. చదువుకున్న మన పిల్లలు ఈ నాలుగు ముక్కలు నోటికి నేర్చుకోవాలె.

సెక్షన్ 3(1)(ఇ): చెంచుల లాంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద సమష్టి హక్కు ఉంది. ఒక ఇల్లు, ఒక చెలక కాదు, తిరిగి బతికే మొత్తం అడవి.

సెక్షన్ 3(1)(కె): జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉంది. పులి గుర్తు చదవడం సరిగ్గా ఆ జ్ఞానమే.

సెక్షన్ 5: అడవిని, అడవి జంతువులను కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. దానికోసం గ్రామసభ కమిటీ వేసుకోవచ్చని నిబంధనలు చెప్తున్నయి.

సెక్షన్ 4(2): ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వన్యప్రాణుల కోసం జనాన్ని కదిలించాలంటే ముందు హక్కులు గుర్తించడం పూర్తి కావాలె. ఆ జనం ఉండడం వల్ల జంతువులకు తిరిగి బాగుచేయలేని నష్టం జరుగుతుందని తేల్చాలె. కలిసి బతకడం లాంటి వేరే దారి ఏదీ లేదని నిర్ణయానికి రావాలె. గ్రామసభ ఇష్టపూర్వకంగా, విషయం తెలుసుకొని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. పులుల అభయారణ్యాల కోసం వన్యప్రాణి చట్టంలో 2006లో చేర్చిన 38వి(5) కూడా ఇంచుమించు ఇదే చెప్తుంది.

"కలిసి బతకడం సాధ్యం కాదని తేల్చాలె." ఈ ముక్క దగ్గర ఆగండి. సాధ్యమో కాదో ఎవరు చెప్పాలె? ఢిల్లీలో ఫైలు చెప్తదా? నేల చెప్తది. పులి తన గుర్తులు ఎక్కువగా పెట్టేది దారుల మీద. ముళ్ల పొదల్లో కాదు, నడవడానికి తీరుగా ఉన్న కాలిబాటల మీద. పెంట నుంచి వాగుకు, వాగు నుంచి తేనె బండకు మనం వేసిన బాటలవి. మనం పగలు నడిచిన దారిలో అది రాత్రి నడుస్తది. మన చెప్పు ముద్ర మీద దాని ముద్ర, దాని ముద్ర మీద పొద్దున మళ్లీ మన ముద్ర. మనం ఉండడం వల్ల పులికి అంత నష్టమైతే, అది మన బాట మీదనే తన హద్దురాయి ఎందుకు పెట్టుకుంటది?

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని టైగర్ రిజర్వ్‌ల కోర్ ప్రాంతాల్లో 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఇంకా ఉన్నయని, వాటిని తరలించడానికి కార్యాచరణ ప్రణాళిక ఇవ్వమని అడిగింది. 64,801 అని ఇంత ఖచ్చితంగా లెక్కపెట్టినోళ్లు, వాళ్లలో ఎంతమంది హక్కులు గుర్తించిండ్రో కూడా అంతే ఖచ్చితంగా చెప్పాలె.

కర్ణాటకలోని బీఆర్‌టీ కొండల్లో సోలిగ ఆదివాసులకు 2011లో టైగర్ రిజర్వ్ లోపలనే సామూహిక అటవీ హక్కులు వచ్చినయి. వాళ్లు అక్కడే ఉన్నరు. 2010 లెక్కకు, 2014 లెక్కకు మధ్య అక్కడ పులులు పెరిగినయి. కలిసి బతకడం కుదురుతదా అని అడిగేటోళ్లకు ఇది చూపించాలె.

చదవకపోతే ఎవరు చస్తరు?

నల్లమలలో ముచ్చట ఇది. ఉత్తరాన కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కథ ఇంకో తీరుగా ఉంది. అక్కడ పులులు మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి జాగా వెతుక్కుంటూ వస్తయి. అవి పాత కాపు పులులు కావు, కొత్తగా హద్దు వేసుకునే వయసు పులులు. వచ్చే దారిలో పత్తి చేన్లు. 2020 నవంబర్‌లో ఒక్క నెలలోనే ఆ జిల్లాలో ఇద్దరు యువతీయువకులు పులి దాడిలో పోయిండ్రు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో ఒక యువతి చేన్లో చనిపోయింది. పత్తి ఏరేటప్పుడు మనిషి వంగి ఉంటడు, పులికి మనిషిలెక్క కనబడడు.

ఇంకో వైపు, 2024 జనవరిలో అదే కాగజ్‌నగర్ అడవిలో విషం పెట్టిన కళేబరం తిని పులులు చచ్చినయి. మనుషులూ పోయిండ్రు, పులులూ పోయినయి. ఊరికి పులి వచ్చిన సంగతి నేల ముందుగానే చెప్తది. ఆ మాట విని, పొద్దున చాటింపు వేసి, "ఇవాళ ఆ దిక్కు చేన్లకు పోవద్దు, గుంపుగా పోండి, పశువులను లోపలికి తోలకండి" అని చెప్పే ఏర్పాటు ఊరి చేతిలో ఉంటే కొన్ని ప్రాణాలన్నా మిగులుతయి. పశువు పోయినోనికి నష్టపరిహారం తిప్పలు పెట్టకుండా ఇస్తే విషం డబ్బా దాకా పోడు.

దీనికి సర్కారు ఇచ్చిన జవాబు ఏంది? 2025 మేలో జీవో 49. కవాల్–తడోబా నడుమ కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. ఊర్లను అడగలేదు. ఆదివాసులు రోడ్డెక్కి, బంద్ చేస్తే జులైలో దాన్ని నిలిపివేసిండ్రు. నిలిపివేసిండ్రు, రద్దు చేయలేదు. ఈ తేడా మరిచిపోవద్దు.

మనం ఏం చేయాలె?

ఒకటి. ప్రతి గ్రామసభలో ఒక గుర్తుల పుస్తకం పెట్టాలె. తేదీ, దారి పేరు మన భాషలో, ఏ గుర్తు, ఎప్పటిది అనుకుంటున్నరు, చూసినోళ్ల పేరు. వేలిముద్ర అయినా సరే, పేరు మాత్రం ఉండాలె. నెలకొకసారి గ్రామసభలో చదివి సంతకాలు పెట్టాలె. మూడేండ్లు ఇట్ల రాస్తే, కలిసి బతుకుతున్నమని చెప్పే కాగితం మన దగ్గర ఉంటది.

రెండు. అదే పుస్తకంలో మన గుర్తులు కూడా రాయాలె. గడ్డలు తవ్వే చోట్లు, తేనె బండలు, చెలిమలు, దేవుని చెట్లు, బొందలగడ్డలు. సామూహిక హక్కుల దరఖాస్తుకు ఇవన్నీ సాక్ష్యాలేనని చట్టం నిబంధన 13లోనే ఉంది. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. పెద్దమనిషి ఉన్నప్పుడే రాసుకోండి.

మూడు. గుర్తు ఫొటో ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పెట్టాలనే మోజు నాకూ తెలుసు, లైకులు బాగా వస్తయి. కానీ ఉచ్చు వేసేటోడు, కరెంటు తీగ పెట్టేటోడు కూడా ఆ గ్రూపుల్లోనే ఉంటడు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ ఉంటే ఫొటోతోపాటు జాగా కూడా పోతది. పుస్తకం గ్రామసభ దగ్గరనే ఉండాలె. ఎవరికి చూపించాలో గ్రామసభ నిర్ణయిస్తది.

నాలుగు. గుర్తు వెంట పోవద్దు. చూసినమా, రాసినమా, వెనక్కి తిరిగినమా అంతే. పిల్లల ముద్రలు తల్లి ముద్రతో కలిసి కనబడితే ఆ దిక్కు పోవడమే బంద్.

ఐదు. వాచర్లు, ట్రాకర్లుగా చేస్తున్న మన అన్నదమ్ములకు పర్మనెంట్ ఉద్యోగం, బీమా, రిపోర్టులో పేరు అడగాలె. వాళ్లు మన శత్రువులు కాదు. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన జంగ్లాతోళ్లు అయిపోరు, మనోళ్లే.

కొందరు అంటరు, "పెంటలో ఏముంది, రోడ్డు లేదు, దవాఖాన లేదు, బడి లేదు, 15 లక్షలు తీసుకొని పోతే పిల్లలు బాగుపడతరు" అని. పోతనన్నోళ్లను ఆపే హక్కు నాకు లేదు. వాళ్ల కష్టం నిజం. కానీ రోడ్డు, దవాఖాన, బడి ఇవ్వకుండా ఏండ్లకేండ్లు ఎండబెట్టి, "మీ ఇష్టంతోనే పోతున్నరు కదా" అంటే అది ఇష్టం కాదు. ముందు హక్కు పత్రం చేతిల పెట్టండి, మిగతావి ఇవ్వండి, ఆ తర్వాత అడగండి. అప్పుడు ఎవరు ఉంటరో ఎవరు పోతరో చూద్దాం.

ఇంకో మాట మన పిల్లలకు. డిగ్రీ చదివినం, హాస్టళ్లలో పెరిగినం, అడవి దారి మరిచిపోతున్నం. మన తాతలకు అక్షరం రాదు కానీ నేలను చదివిండ్రు. మనకు అక్షరం వచ్చింది, నేల రాకుండా పోతుంది. రెండూ వచ్చిన తరం మనదే మొదటిది కావొచ్చు. చివరిది కాకూడదు. ఈ ఎండకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు కొనుక్కపోండి. పెద్దమనిషిని పట్టుకొని ఒక్క దారి నడవండి. ఏ గుర్తు ఎవరిదో అడగండి, రాయండి.

పులి తన హద్దును ఒక్కసారి గీసి ఊకోదు. వాసన పోతది, వాన కడుగుతది, ఆకులు కప్పుతయి. మళ్లీ నడవాలె, మళ్లీ గీకాలె. నడవడం మానిన రోజు ఆ జాగాకు ఇంకోటి వచ్చి కూసుంటది. హక్కు కూడా అంతే.

జల్, జంగల్, జమీన్ మనవే. జై ఆదివాసీ!